గడప బయట పెట్టిన ప్రసాదం

1934లో దసరా వెళ్ళిన వారంలో నన్ను రాయ్‌గఢ్ నుంచి బిలాస్‌పూర్‌కు బదిలీ చేశారు. రైల్వే కట్టడాల శాఖలో సబ్ ఓవర్సీరు హోదా. నా పైన వర్క్స్ ఇన్‌స్పెక్టరు, ఆయన పైన అసిస్టెంట్ ఇంజనీరు. నా కింద ఇద్దరు మేస్త్రీలు, ఒక వడ్రంగి, కొందరు ఖలాసీలు. పట్టాల సంగతి మాది కాదు. స్టేషను భవనాలు, ఆసుపత్రి, స్కూలు, అన్నిటికంటే ఎక్కువగా ఉద్యోగుల క్వార్టర్లు, ఇవి మా పని.

ఆ రోజుల్లో విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి వచ్చిన మనవాళ్ళు చాలామంది బిలాస్‌పూర్‌లో ఒంటరిగా ఉండేవారు. పదిమంది కలిసి ఒక రేకుల షెడ్డులో వండుకు తినేవారు. తోర్వా వైపు ఊరి అంచున కొత్త క్వార్టర్ల వరస లేచాక, పెళ్ళాం పిల్లలను తెచ్చుకునే అదృష్టం చిన్న ఉద్యోగులకు కూడా పట్టింది. పొలాల మధ్య పుట్టి పెరిగిన ఆడవారు మొదటిసారి ఇటుక గోడల వరసలోకి, కుళాయి నీళ్ళలోకి, ఇంజను కూతలోకి వచ్చి పడ్డారు. వారికి తాళం ఇచ్చి ఇల్లు అప్పగించడం నా వంతు.

ఉద్యోగం కాక నాకు ఇంకొక పని ఉండేది. శనివారం సాయంత్రాలు మా తెలుగువాళ్ళ భజన గోష్ఠిలో పురాణం చదివి అర్థం చెప్పేవాణ్ణి. మా నాన్నగారు చిన్నప్పుడే కూర్చోబెట్టి నేర్పిన చదువు అది. గోష్ఠికి రాలేనివారి ఇళ్ళకు ప్రసాదం పంపడం మా నియమం.

అప్పలస్వామి లోకో షెడ్డులో ఫైర్‌మాన్. ఇంజనులో డ్రైవరు పక్కన నిలబడి పొయ్యిలో బొగ్గు వేసే పని. ఊరు టెక్కలి దగ్గర పల్లె. క్వార్టరు కోసం చాలాకాలం ఎదురుచూశాడు. వంతు వచ్చేసరికి అతని భార్య పైడితల్లి నిండు నెలల్లో ఉంది. ఆమెకు తల్లి లేదు, పుట్టింట్లో పురుడు పోసేవారు లేరు. అత్త సూరమ్మే పల్లెలో పురుడు పోద్దామనుకుంది. కాని రూలు ప్రకారం, వంతు వచ్చినవాడు గడువులోగా సంసారంతో దిగకపోతే ఇల్లు తర్వాతివాడికి పోతుంది. తాళం వేసి ఉంచుకుని పురుడయ్యాక దిగవచ్చా అని అప్పలస్వామి అడిగాడు. కుదరదని ఇన్‌స్పెక్టరుగారు చెప్పమన్నారు, చెప్పాను. వారం తిరక్కుండా అత్తాకోడళ్ళను రైలెక్కించి తీసుకువచ్చాడు.

ఇల్లు అప్పగించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. తలుపులు, గడియలు, కిటికీ అద్దాలు, కుళాయి ఒక్కొక్కటే చూపించాలి. గోడకు మేకులు కొట్టరాదని, పిడకలు చరచరాదని, కాలువలో అన్నం పారబోయరాదని చెప్పాలి. నేను ఇవన్నీ చెబుతుంటే సూరమ్మ మొహం పైకెత్తి, కప్పు కింద గోడలో ఉన్న జాలీ కంతను చూస్తూ నిలబడింది. మేము దాన్ని వెంటిలేటర్ అంటాము. కాలనీలో అందరూ రోషన్‌దాన్ అంటారు.

"ఇదేటి బావూ, గోడకి బొక్కెట్టీసి ముయ్యడం మర్సిపోనారేటి?" అంది.

గాలి కోసమని చెప్పాను.

"గాలికి గుమ్మం నేదేటి? దొంగనాగ పైనుంచి రావాలా?"

పక్క క్వార్టరులో ఉండే మంగమ్మ గడపలో నిలబడి పకపకా నవ్వింది. ఫిట్టరు భార్య, బిలాస్‌పూర్‌లో చాలా ఏళ్ళుగా ఉన్న మనిషి. "అచ్ఛా, పుష్యమాసం రానీ అత్తా. ఇక్కడి ఠండీ సూసినాక గుమ్మం కూడా ముయ్యమంతావు" అంది.

దానిని మూయవద్దని నేను చెప్పాను. ఎందుకు మూయకూడదో విడమరిచి చెప్పే పద్ధతి మా శాఖలో లేదు. పైడితల్లి ఇదంతా వినకుండా కుళాయి తిప్పుతూ, కట్టేస్తూ, మళ్ళీ తిప్పుతూ నవ్వుకుంటోంది. నీళ్ళకు నడవక్కరలేని ఇల్లు ఆమె అంతవరకు చూడలేదు.

పుష్యమాసంలోనే పురుడు వచ్చింది. రైల్వే ఆసుపత్రి నర్సమ్మ ఇంటికి వచ్చి పురుడు పోసింది. మగపిల్లవాడు. తల్లీబిడ్డా క్షేమమని గోష్ఠి బయటే నిలబడి చెప్పి, అప్పలస్వామి మంగమ్మ చేత అందరికీ బెల్లం పంచిపెట్టించాడు. మైల వెళ్ళాక పేరు పెట్టడానికి నన్నే రమ్మన్నాడు.

ఇక్కడ మన పల్లెల ఆచారం కొంత చెప్పాలి. పురుడైన ఇంటికి మైల. పురుడు వెళ్ళేదాకా బయటివారు గడప దాటరు. దాయాదులకు కూడా అదే మైల కనుక వారికి అడ్డు లేదు. సూరమ్మ పల్లెలో వీధి వీధంతా దాయాదులే. ఒకామె వేన్నీళ్ళు పోస్తుంది, ఒకామె పత్యం వండుతుంది, ఒకామె ఊరికే వచ్చి కూర్చుంటుంది. పగలంతా తలుపు తీస్తూ వేస్తూనే ఉంటారు. బాలింతకు చలిగాలి తగలకుండా మంచం కింద కుంపటి పెట్టేదీ అక్కడే. తాటాకు కప్పు, పిడకల నిప్పు. పొగ దారిన పొగ పోతుంది.

బిలాస్‌పూర్‌లో అప్పలస్వామికి ఒక్క దాయాది కూడా లేడు. అందుచేత ఆ ఇంటి గడప ఎవరూ దాటలేదు. మంగమ్మ రోజూ గడప బయట నిలబడి, "ఏటి కావాలి అత్తా?" అని అడిగి, తెచ్చింది అక్కడే పెట్టి వెళ్ళేది. మా గోష్ఠివాళ్ళమంతా అంతే. అది అమర్యాద కాదు, వారి మీద గౌరవంతోనే దూరంగా ఉన్నాము.

చలి ముదిరింది. సూరమ్మ రోషన్‌దాన్‌లో గోనెపట్ట కుక్కింది. పిడకలు లేవు కనుక అప్పలస్వామి బొగ్గు తెచ్చాడు. ఇంజను బూడిదలో సగం కాలి మిగిలిన బొగ్గు ఏరుకుని సిగిడీ అనే ఇనుప కుంపటిలో రాజేసుకోవడం కాలనీలో ప్రతి ఇంటా ఉన్నదే. అయితే అది వాకిట్లో పెట్టి వండుకునేవారు. సూరమ్మ దాన్ని మంచం కిందకు జరిపింది.

ఆ శనివారం గోష్ఠి ముగిశాక, చీకటి పడ్డాక మంగమ్మ ప్రసాదం పట్టుకెళ్ళింది. అప్పలస్వామి బండి మీద డ్యూటీలో ఉన్నాడు. మర్నాడు పొద్దెక్కాక ఇంటికి వచ్చి తలుపు కొట్టాడు. తియ్యలేదు. లోపల గడియ పడి ఉంది. క్వార్టరు తలుపు పగలగొట్టడానికి ఎవరికీ అధికారం లేదు కనుక, అతనూ ఇరుగుపొరుగువారూ మొదట నా దగ్గరకు పరుగెత్తుకు వచ్చారు. వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్ళాను. గుమ్మం ముందు జనం మూగి ఉన్నారు. గడప బయట విస్తరాకు పొట్లం పెట్టింది పెట్టినట్టే ఉంది. చీమలు పట్టాయి.

వడ్రంగి బందులు ఊడదీసి తలుపు పక్కకు జరిపాడు. ఉక్కగా నిలిచిన గాలి మొహానికి కొట్టింది. అప్పలస్వామి లోపలికి దూకాడు. మిగిలినవాళ్ళం అడుగు వెనక్కి వేశాము. ఎవరూ చెప్పలేదు, ఆ అడుగు దానంతట అదే పడింది. పుట్టినప్పటి నుంచి పురిటింటి ముందు పడుతున్న అడుగే అది.

మంగమ్మ మమ్మల్ని తోసుకుంటూ వచ్చింది. "తప్పుకోండి! మైలా నేదు, గియిలా నేదు. తానం చేస్తే పోద్ది మైల!" అంటూ లోపలికి పోయి పైడితల్లి చేతులు పట్టింది. మంగమ్మ, అప్పలస్వామి కలిసి ఆమెను బయటకు మోసుకొచ్చారు. సూరమ్మ తలుపు వారన నేలమీద పడి ఉంది. తలుపు కింద సందు నుంచి వచ్చిన గాలే ఆమెను బతికించిందని తర్వాత డాక్టరుగారు చెప్పారు. పైడితల్లికి ఆసుపత్రిలో తెలివి వచ్చింది. పిల్లవాడు దక్కలేదు.

మూసిన గదిలో బొగ్గు కాలితే పుట్టే విషవాయువుకు రంగు గాని వాసన గాని ఉండదని డాక్టరుగారు వరండాలో నిలబడి వివరించారు. అప్పలస్వామి నేలమీద కూర్చుని విన్నాడు. 

"ఇంజను పొయ్యికి గాలొచ్చే డాంపరు మూసెస్తే ఏటవుద్దో నాకు తెల్దా బాబూ? నా పనే అది కదా" అన్నాడు నాతో. "ఇంట్లో కుంపటి అమ్మది అనుకున్నాను. ఇంజను అనుకోనేదు."

మంగమ్మ మాత్రం ఆ పొట్లం గురించే అందరికీ చెప్పేది. "నానే ఎట్టినాను. పిలిచినాను. పలకనేదు. తొంగున్నారు కామోసనుకున్నాను."

పైడితల్లి లేచి తిరగగలిగాక సూరమ్మ ఆమెను తీసుకుని పల్లెకు వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు నాతో, "మంచి ఇల్లే బావూ. మా మనుసులు నేకపోనారు" అంది. అప్పలస్వామి తాళం తెచ్చి ఇచ్చాడు. పద్ధతి ప్రకారం తలుపులు, గడియలు, అద్దాలు చూసి తీసుకున్నాను. రోషన్‌దాన్‌లోని గోనెపట్ట నా చేత్తోనే లాగాను. అతను మళ్ళీ రేకుల షెడ్డులోకి వెళ్ళాడు. డ్రైవరు అయ్యాక కూడా క్వార్టరు అడగలేదు. పైడితల్లి మళ్ళీ బిలాస్‌పూర్ రాలేదు. సెలవుకు వెళ్ళి వచ్చే సంసారంగానే వారి జీవితం గడిచింది.

ఆ సంవత్సరం గోష్ఠిలో ఈ విషయం ఎత్తాను. కొందరు పెద్దలకు నచ్చలేదు. శాస్త్రం తెలిసిన మా పురోహితుణ్ణి అడిగితే, మైల పెట్టింది తల్లికి విశ్రాంతి కోసమని, ఆమెను ఒంటరిని చేయడానికి కాదని, తాకినవారికి స్నానంతో పోతుందని చెప్పారు. ఆయన చెప్పిందే మంగమ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది. నేను ఎన్నో ఏళ్ళు పురాణం చదివి కూడా ఆ మాట అడగవలసిన సమయానికి అడగలేదు. ఆ తర్వాత మా కాలనీలో ఏ తెలుగింట పురుడు వచ్చినా గోష్ఠి ఆడవారిలో ఇద్దరు మైల పట్టుకుని లోపలే ఉండేవారు. మొదట ఒప్పుకున్నది మంగమ్మే.

శాఖాపరంగా నేను చేయగలిగింది తక్కువ. రోషన్‌దాన్‌లు మూయడానికి వీలులేకుండా మార్చాలని రాశాను. అందుకు ఏర్పాటు లేదని జవాబు వచ్చింది.

పల్లె నుంచి కుటుంబాన్ని తెచ్చినప్పుడు దానితో ఆచారం వస్తుంది, ఆ ఆచారాన్ని నడిపే మనుషులు రారు. వారి చోట ఎవరు నిలబడతారో ఇల్లు అప్పగించే ముందే చూడాలి. పదవీ విరమణ వరకు నేను పక్కింటి ఆడవారిని గడప లోపలికి పిలిచి, వారి ఎదుటనే కొత్తవారికి తాళం ఇచ్చాను. రూల్స్‌లో అది లేదు.