ఎదుటి కుండ దగ్గర ఒక్క గ్లాసు

కర్ర ఎత్తకుండా, గొంతు పెంచకుండా, ఒక్క గ్లాసు కల్లుతో ఒక ఊరిని రెండు ముక్కలు చేసిన మనిషిని మీరు ఇంతవరకూ చూసి ఉండరు. ఇప్పుడు చూస్తున్నారు. పైగా ఆ గ్లాసు ఆ ఊళ్ళోనే ఆగిపోలేదు. తార్నాకలో మా ఇంటి హాల్లోకి, మా అమ్మ పెట్టుకున్న ప్రార్థన కూడిక నడిమధ్యకి వచ్చి కూర్చుంది. చెబుతాను, నవ్వుకోండి. ఆ రోజు నవ్వనిది మేం ఇద్దరమే, మా అమ్మా నేనూ.

అప్పట్లో నేను యూనివర్సిటీలో సోషియాలజీలో పరిశోధన చేస్తున్నాను. అంటే క్యాంపస్ క్యాంటీన్లో టీ మీద టీ తాగుతూ సమాజం గురించి బాధపడుతున్నాను. అది చూడలేక మా గైడు గారు ఒకరోజు పిలిచి, "సునీతా, ఘట్‌కేసర్ అవతల ఒక ఊళ్ళో కల్లు కాంపౌండ్ ఉంది. ఊరి బతుకంతా అక్కడే కనబడుతుంది, వెళ్ళి కూర్చో. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పరిశోధకురాలు ఎవరి పక్షమూ కాదు. తటస్థంగా ఉండాలి" అన్నారు. మిగతావన్నీ మర్చిపోయి ఆ చివరి ముక్క మాత్రం బుర్రలో పెట్టుకున్నాను. నన్ను ముంచింది అదే.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. అమ్మ బళ్ళో టీచరు, ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాఠాలు చెబుతుంది. ఇంట్లో ఎవరైనా కల్లు అనే మాట పలికితే వాళ్ళు కూర్చున్న కుర్చీ కూడా తుడిచే మనిషి. అందుకని ఆవిడకి నా పరిశోధన మహిళా పొదుపు సంఘాల మీద అని చెప్పాను. నిజం తెలిసిందా, చదువు ఆ రోజుతో బందు, మల్కాజ్‌గిరిలో మా పిన్ని ట్యూషన్ సెంటర్లో ఎక్కాలు చెప్పుకుంటూ బతకాలి. ఎప్పుడూ ఆ భయంతోనే బతికేదాన్ని.

ఆ కాంపౌండ్ అంటే నాలుగు గోడలూ ఒక రేకుల షెడ్డూ. ఎడమ వైపు నర్సింహ గౌడ్ కుండలు, కుడి వైపు ఇల్లయ్య గౌడ్ కుండలు. పెళ్ళి సంబంధాలు, గట్టు తగాదాలు, ఫోన్ రిపేర్లు, అన్నీ ఆ షెడ్డు కిందే. ఒక పెద్దాయన రోజూ వచ్చి, చుక్క కూడా ముట్టకుండా పేపరంతా పైకి చదివి వెళ్ళిపోయేవాడు. ఒక మేక ఉండేది. ఖాళీ గ్లాసులు నాకడం దాని హక్కు. సాయంత్రానికి దారి తెలియక ఎవరో ఒకరి ఇంటికి పోయి పడుకునేది, వాళ్ళే పొద్దున తెచ్చి అప్పగించేవాళ్ళు.

నన్ను చేరదీసింది లచ్చవ్వ. ఆ షెడ్డులో ఆవిడే పెద్ద. "ఒక్కదానివి ఆడ నిలబడ్డవేంది బిడ్డా, గీడ కూసో" అని తన పక్కన చోటిచ్చింది. ఆవిడ నర్సింహ గౌడ్ దగ్గర తాగేది కాబట్టి నాకూ ఆయనే పోసేవాడు. గ్లాసులో సగం నాకు, సగం లచ్చవ్వకి. ఆ సగం గురించి మా అమ్మకి ఇప్పటికీ గుర్తుచేస్తుంటాను.

"మా అత్త గూడ నర్సింహ నాయిన దగ్గర్నే తాగింది. దీన్నే వాడిక అంటరు" అంది లచ్చవ్వ. వాడిక అంటే ఎవరి కుండ దగ్గర మొదలుపెట్టామో జీవితాంతం ఆ కుండ దగ్గరే తాగడం. ఎదుటి కుండ వైపు నడిచామంటే మన గౌడు కల్లులో ఏదో కలిసిందని ఊరికి చాటినట్టే. ఇదంతా నేను ఎంతో శ్రద్ధగా విన్నాను. విన్నది మనకి కూడా వర్తిస్తుందన్న ఆలోచన రావడానికి వేరే చదువు కావాలి, అది నాకు లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం షెడ్డు కిటకిటలాడుతోంది. నాకు గైడు గారి తటస్థత గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్క పక్కే కూర్చున్నానే, ఎంత పక్షపాతం! లేచి, గ్లాసు కడుక్కుని, దర్జాగా అవతలికి నడిచాను.

"ఇల్లయ్య గౌడ్ గారూ, నాకో గ్లాసు పోయండి."

పేపరు పెద్దాయన వాక్యం మధ్యలో ఆగిపోయాడు.

ఇల్లయ్య గౌడ్ గొంతు తగ్గించి, "ఎందుకు మేడం, ఆడ ఏమన్న తేడా ఉన్నదా?" అన్నాడు.

"అబ్బే, తేడా ఏం లేదండీ. రెండూ పోల్చి చూద్దామని."

పోల్చి చూడటం! నా నోటికి ఆ మాటే దొరకాలా? వెనక నుంచి ఒక గొంతు లేచింది: "యూనివర్సిటీ మేడం గద, ల్యాబుల చెక్ చేసినట్టున్నది!" ఇంకో గొంతు: "గందుకేనా, నిన్న రాత్రంతా నా కడుపుల గడబిడ!" అంతే. ఒకరి తర్వాత ఒకరు గ్లాసులు పట్టుకుని ఇల్లయ్య వైపు కదిలారు. ఆఖరికి మేక కూడా అటే పోయింది.

నర్సింహ గౌడ్ నిండు కుండల మధ్య ఒంటరిగా నిలబడిపోయాడు. "మేడం, పొద్దుగూకేసరికి ఇదంతా పులుస్తది, పారబోసుడే. అది పోతే పోనియ్. మా తాత కాలం నుంచి ఒక్కడు మా కుండకు వంక పెట్టలే" అన్నాడు. వెంటనే ఒక బల్ల ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"అయ్యా! నాది ల్యాబు కాదు! సోషియాలజీ!"

"అండ్ల ఏం చెక్ చేస్తరు?"

"కల్లు కాదు, మనుషుల్ని!"

"అంటే మమ్ముల చెక్ చేసినవా? మా లోపల ఏం తేలింది?"

లచ్చవ్వ చెయ్యి పట్టి కిందికి గుంజింది. "నీ మాటలు సాలు. తప్పయిందని చెప్పు. నర్సింహ పోసింది అందరి ముంగట రేక నిండా తాగు" అంది.

దొన్నెలా మడిచిన తాటాకు రేక చేతిలో పెట్టి, నోటికి ఆనించుకోమన్నారు. నర్సింహ గౌడ్ పోయడం మొదలుపెట్టాడు. రేక వంచితే పోయడం ఆపుతారట. నాకా సంగతి తెలియదు. తల అడ్డంగా ఊపాను. కల్లు ముక్కులోకి, కళ్ళలోకి, మెడలోకి పోయింది. కళ్ళు మండి ధారగా నీళ్ళు కారాయి. "పాపం, ఏడుస్తున్నది!" అన్నారు జనం. వాళ్ళ మనసు కరిగింది, గ్లాసులు వెనక్కి వచ్చాయి. నర్సింహ గౌడ్ నా భుజం తట్టి, "ఇగ నువ్వు మా ఖాయం వాడికవు" అన్నాడు. మర్యాదకి అన్న మాట అనుకున్నాను. క్యాంపస్‌లో దిగి, హాస్టల్లో ఫ్రెండు గదిలో తలంటుకుని ఇంటికి చేరాను. బతికిపోయాననుకున్నాను.

కొన్నాళ్ళకి నర్సింహ గౌడ్ ఫోన్ చేసి "ఇంటి లొకేషన్ పంపమ్మా" అన్నాడు. కూతురి పెళ్ళి కార్డు ఇవ్వడానికేమోనని సంబరంగా పంపాను. ఆ ఆదివారం మా ఇంట్లో కూడిక ఉందని అంతకుముందే లచ్చవ్వతో అన్నట్టు నాకు గుర్తు కూడా లేదు.

ఆ రోజు హాలు నిండా అక్కయ్యలూ అంకుల్సూ. పాస్టరు అయ్యగారు తప్పు ఒప్పుకుని తిరిగి రావడం గురించి చక్కగా వాక్యం చెప్పి, కళ్ళు మూసుకుని, "ఎవరికైనా సాక్ష్యం ఉంటే చెప్పండి" అన్నారు. గుమ్మంలో బండి ఆగింది. ఉతికిన తెల్లచొక్కాలో, గుడ్డ కట్టిన కుండతో నర్సింహ గౌడ్.

"సునీతమ్మ ఇల్లు గిదేనా? ఇంట్ల కార్యం ఉన్నదట గద. వాడికోళ్ళ ఇంట్ల కార్యమైతే మొదటి కుండ మాదే. తాటి కల్లు, పొద్దుగాల్నే దించిన."

అమ్మ లేచి నిలబడింది. "పొరపాటు పడ్డట్టున్నావు బాబూ. మా ఇంట్లో ఎవరూ అలాంటివి ముట్టరు."

నర్సింహ గౌడ్‌కి రోషం వచ్చింది. నా పరువు కాపాడటానికి నడుం కట్టాడు.

"గట్లంటరేందమ్మా! మీ బిడ్డ బంగారం. నా కుండ తప్ప ఇంకొకరి కుండ ముట్టది. ఒక్క ఆదివారం తోవ తప్పి ఇల్లయ్య దగ్గరికి పోయింది, కాదన. గని అందరి ముంగట తప్పు ఒప్పుకున్నది. కండ్లనీళ్ళు పెట్టుకున్నది. మల్ల నా దగ్గరికే వచ్చి రేక నిండా తాగింది. గింత నీతి, గింత నియ్యతున్న పిల్లను నేను చూడలే!"

కళ్ళు ఇంకా తెరవని అయ్యగారు మనస్ఫూర్తిగా "ఆమెన్" అన్నారు. అలవాటు కొద్దీ హాలంతా "ఆమెన్" అంది.

అమ్మ కోస్తా మనిషి. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఊరికే పంపదు. నర్సింహ గౌడ్‌కి పులిహోర పెట్టి, మంచినీళ్ళిచ్చి, దణ్ణం పెట్టి పంపింది. కుండని పెరట్లో మల్లెపాదులో వంచేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. అప్పుడు జరిగింది రాయను. గైడు గారు స్వయంగా ఇంటికొచ్చి బతిమాలాకే నేను ట్యూషన్ సెంటరు తప్పించుకున్నాను.

చివరికి అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది: ఈ జన్మలో ఇక నర్సింహ గౌడ్ కుండ ముట్టనని. వేశాను. దానికి తోడు నా అంతట నేనే ఇంకో ఒట్టు వేసుకున్నాను, ఎంత గొంతెండినా ఇల్లయ్య కుండ వైపు కన్నెత్తి చూడనని. వాడికలో ఉన్న మనిషిని, నాకూ నియ్యతుంది.