మూడు కూతలు, తురుపు అయిదు

"ఆ రోజు సముద్రం నిజంగా దిగలేనంత పాడుగా ఉందా, సైలస్ బాబాయ్?"

అడిగింది ఎఫీ. వైలీ కొట్లో, పిండి బస్తాల పక్కన నిలబడి, అందరూ వింటుండగా అడిగింది. డన్నక్ కోవ్‌లో పుట్టినవాళ్లెవరూ ఆ ప్రశ్న వెయ్యరు. సముద్రంలోకి దిగేవాడు ఇవాళ కుదరదంటే కుదరదు, అంతే. ఎందుకని నిలదీస్తే రేపు పౌరుషానికి పోయి ఇంకొకడు దిగుతాడు, ఎల్లుండి వాడి కోసం ఊరంతా ఒడ్డు వెంబడి వెతుక్కోవాలి. ఎఫీ రైలు స్టేషనున్న ఊరి పిల్ల. అంబ్రోస్ పర్డీని చేసుకుని ఇక్కడికొచ్చింది. ఈ కట్టుబాటు ఆమెకెవరూ చెప్పలేదు.

సైలస్ డర్న్‌ఫర్డ్ టోపీ సర్దుకుని, "ఉందమ్మా," అన్నాడు.

అబద్ధం.

న్యూఫౌండ్లాండ్ దీవి దక్షిణ తీరంలోని ఆ ఊరికి అప్పటికింకా రోడ్డు పడలేదు. చలికాలం చేపల పని ఉండదు గనుక ఇల్లిల్లూ నిరుద్యోగ భృతి మీదే నడిచేది. చెక్కులు టపా సంచీలో ఓడ మీద వచ్చేవి. గాలి ఎదురు తిరిగిన రోజున ఓడ రేవులోకి రాదు. బయటే ఆగి మూడు కూతలు వేస్తుంది. సైలస్ చిన్న పడవలో తెడ్లేసుకుంటూ వెళ్లి సంచీ అందుకుని రావాలి. అందుకే అతనికి పోస్టాఫీసు జీతం. ఇలాంటివాళ్లని వీరులనడం మనకి సరదా. సైలస్‌కి పెళ్లాం పోయింది, మోకాళ్లు నొప్పి, పేకాటంటే పిచ్చి. ఉన్నది ఇంతే.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం అతని వంటింట్లో నలుగురు పేకాడుతున్నారు. సైలస్‌కి జోడీగా ఎదురు కుర్చీలో అంబ్రోస్. ముక్కలు పంచాక చూసుకుంటే సైలస్ చేతిలో తురుపు అయిదుంది, తురుపు జాకీ ఉంది. ఆ ఆటలో అయిదుని మించిన ముక్క లేదు. సరిగ్గా అప్పుడే ఓడ కూసింది. సైలస్ లేచి, కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచి బయటికి చూశాడు. అలలున్నాయి. అంతకంటే పెద్ద అలల్లో ఆ శీతాకాలంలోనే వెళ్లొచ్చాడు. మేజోళ్లు పొయ్యి దగ్గర ఇప్పుడిప్పుడే ఆరుతున్నాయి. తిరుగు ఓడ మూడు రోజుల్లో ఎలాగూ వస్తుంది కదా.

"ఇవాళ వల్లకాదు. ముక్క వెయ్యండి," అన్నాడు.

ఆట గెలిచారు. అంబ్రోస్ బల్ల చరిచి నవ్వాడు. ఓడ ఇంకోసారి కూసి పడమటికి వెళ్లిపోయింది.

తిరుగు ఓడ రాలేదు. చివరి రేవులో ఇంజను చెడి ఆగిపోయింది. చెక్కుల సంచీ మూడో వారానికి గానీ ఊరు చేరలేదు. ఈలోగా వైలీ అరువు ఆపేశాడు. అతను దుర్మార్గుడేం కాడు, అతనికి సరుకిచ్చేవాళ్లు అతన్ని ఆపారు. అందరికంటే పాత బాకీ అంబ్రోస్‌ది. ఇంట్లో ఏడాది నిండని బిడ్డ, పొయ్యి మండించే నూనె లేదు, పాలపొడి డబ్బా అడుగంటింది. అంబ్రోస్ తన పడవ మోటారు విప్పి వైలీకి రెండొందల డాలర్లకి అమ్మేశాడు. మొయ్యడానికి రెండో మనిషి కావాల్సొస్తే సైలస్ వెళ్లాడు. మంచు మీద ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని నడుస్తుంటే అంబ్రోస్, "నీ మోకాళ్లు జాగ్రత్త బాబాయ్, మెల్లగా," అన్నాడు. సైలస్‌కి అప్పుడే చెప్పేద్దామనిపించింది. చెప్పలేదు.

ఎఫీ కొట్లో ఆ ప్రశ్న వేసింది మర్నాడే. చెక్కులొచ్చేసరికి మోటారు వేరే ఊరివాడి పాలయింది. సొంత పడవకి యజమానైన అంబ్రోస్ ఆ వేసవి ఇంకొకరి పడవలో వాటా కూలీగా చేరాడు. ఎఫీ సంగతి ఇంకా అన్యాయం. సముద్రం మీదకెళ్లే మనిషిని పదిమందిలో అనుమానించిందని ఆడవాళ్లు చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. సైలస్ ఒక్క మాటంటే పోయేది. అనలేదు. వెనక బెంచీలోంచి ఆమె పక్క ఖాళీని చూస్తూ కూర్చునేవాడు.

ఆ తర్వాత అతను ఏ గాలికీ ఆగలేదు. ఓడవాళ్లే వద్దని చేతులూపిన రోజుల్లో కూడా వెళ్లాడు. ఊరు దాన్ని ధైర్యమనుకుంది. ఉద్యోగం విరమించినప్పుడు సన్మానం చేసి గోడ గడియారం ఇచ్చారు. ప్రాణం కంటే విధి మిన్న అని పాదిరీగారు పావుగంట మాట్లాడారు. సైలస్ ఎఫీ వైపు చూడలేక చేతిలో గడియారాన్నే చూస్తూ కూర్చున్నాడు.

అక్కణ్నించి తిన్నగా ఎఫీ వాళ్లింటికి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ రోజు దిగొచ్చురా. నా చేతిలో అయిదుంది."

"తెలుసు," అన్నాడు అంబ్రోస్.

"ఏం తెలుసు?"

"అయిదు పడితే నువ్వు టీ తాగడం మర్చిపోతావు బాబాయ్. ఎదురుగా కూర్చుంది నేనేగా. సముద్రం పర్లేదనీ తెలుసు. నాకూ ఆట గెలవాలనే ఉంది."

పొయ్యి దగ్గరున్న ఎఫీ ఇటు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఇన్నేళ్లూ నన్ను నోటిదురుసుదంటుంటే ఇద్దరూ విన్నారన్నమాట."

సైలస్ జేబులోంచి రెండొందలు తీసి బల్ల మీద పెట్టాడు. అంబ్రోస్ పాత సంగతిలే అని, ఉంచుకోమన్నాడు. ఎఫీ నోట్లు లెక్కబెట్టి సగం వెనక్కిచ్చింది.

"నీ వాటా ఇంతే బాబాయ్. మిగతా సగం ఈయన ఇవ్వాలి, నాకే. ఇంకొకటి, ఈ మాట కొట్లో చెప్పు. నేనెక్కడ అడిగానో అక్కడే నిలబడి చెప్పు."

మర్నాడు చెప్పాడు. దిగొచ్చనీ, పేకాట కోసం దిగలేదనీ, ఎఫీ సరిగ్గానే అడిగిందనీ. వైలీ మేకులు తూచడం ఆపి, కాసేపటికి మళ్లీ మొదలెట్టాడు. ఆ ఆదివారం సైలస్ వెనక బెంచీ వదిలి ఎఫీ పక్కన వెళ్లి కూర్చున్నాడు. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. గడియారానికి మాత్రం అతను బతికుండగా ఒక్కసారీ కీ ఇవ్వలేదు.

అంబ్రోస్ వాటా నూరు డాలర్లు ఎఫీకి ఇంకా రావాలి.