కుక్క ఉందా అని అడిగే డాక్టరు

లివరు అన్న మాట చెవిన పడితే చాలు, డాక్టర్ రామభద్రరావుకి కుక్క గుర్తొస్తుంది. కుడి డొక్కలో నొప్పి అంటూ ఎవరొచ్చినా, నాడి పట్టుకోకముందే "మీ ఇంట్లో కుక్క ఉందాండీ?" అంటారు. లేదంటే పక్కింట్లో. అక్కడా లేదంటే వీధిలో. పుదుచ్చేరిలో కుక్క లేని వీధి లేదు గనక, సాయంత్రానికి ఆయన రోగి ఇంటి ముందు దిగడం ఖాయం.

ఊళ్లో ఆయన పేరు కుక్కల డాక్టరు. ఒకాయన దగ్గుతున్న తన బొచ్చుకుక్కని చంకనెత్తుకుని ఓపీకే వచ్చేశాడు. రామభద్రరావు దాని పొట్ట ఓపిగ్గా నొక్కి చూసి, లివరు బాగానే ఉందని చెప్పి పంపారు. అదీ చాలా మెల్లగా. ఆసుపత్రిలో ఆయన గొంతు పెగలదు. మందు పేరు చెప్తుంటే నర్సు అన్నమ్మాళ్ ఆయన నోటి దగ్గర చెవి పెట్టి వింటుంది.

కొత్తగా చేరిన డాక్టర్ ఆమనికి ఈ కుక్కల గోల మింగుడు పడలేదు. ఆమె పద్ధతిగా ప్రయాణాల గురించి అడుగుతుంది. ఊళ్లోనే సారం పేటలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే సుబ్బరాయలు జ్వరంతో వచ్చినప్పుడూ అదే అడిగింది. స్కాన్‌లో అతని లివరు నిండా చిన్న చిన్న మచ్చలు.

"ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లారా?"

"కొట్టు ఇడిచి యాడికి పోతానమ్మా? ఈ పక్కనే వీరాంపట్టినం తేరుకు పోయినాను."

"అది ప్రయాణం కాదండీ."

"బస్సులో నిలబడి పోయినాను గదమ్మా!"

తర్వాత అతని గొంతు తగ్గిపోయింది. "చుక్క ముట్టి ఎరగను. ఈ ఊర్లో లివరు చెడిందంటే తాగినాడనే అంటారు. మా కమల మాట్లాడడం మానేసింది. ఆదివారం పుట్టింటికి పోతాదంట."

రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. కుక్కల కడుపులో ఉండే పురుగే.

"ఫోన్‌లో చెప్పి మాత్రలు రాసిస్తే సరిపోతుంది సార్," అంది ఆమని.

"కుక్కని చూడొద్దూ?" అన్నారాయన బ్యాగు తీసుకుంటూ. రోగుల ఇళ్లల్లో కాఫీ కోసమే ఈయన తిరుగుడంతా అనుకుంటూ ఆమె ఆయన వెంట నడిచింది.

గేటు దగ్గరే ఆయన గొంతెత్తారు. "సుబ్బరాయలు గారూ! కుక్క ఉందాండీ!"

ఆమని ఉలిక్కిపడింది. ఎదురింటి గోవిందస్వామి అరుగు మీదికి వచ్చాడు. పక్క మేడ మీద రెండు తలలు లేచాయి.

తలుపు తీసిన కమలమ్మాళ్ మొహం చిట్లించింది. "పెరట్లో వీధికుక్క పిల్లలు పెట్టింది సార్. ఈయన తాగేదానికి కుక్కేం చేసింది? ఎప్పుడు చూడు నోట్లో పుదీనా! ఏ వాసన దాచేదానికి?"

పెరట్లో చాకిరేవు బండ పక్కన పుదీనా మడి, మడి నిండా దొర్లుతున్న కుక్కపిల్లలు.

"ఈ ఆకేనా? కడిగి తింటారా?"

"లుంగీకి తుడిచి తింటాను సార్."

డాక్టరు నేరుగా వీధరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. "అమ్మా! మీ ఆయనకి తాగుడు లేదు! ఇది కుక్కపురుగు! దాని గుడ్లు మట్టిలోంచి పుదీనాకి, పుదీనాలోంచి ఈయన పొట్టలోకి! మాత్రలు వేస్తే పోతుంది!"

"ఏమన్నారు సార్?" అన్నాడు గోవిందస్వామి.

ఆయన మొదట్నించీ మళ్లీ చెప్పారు. ఈసారి లేచి నిలబడి.

కమలమ్మాళ్ లోపలికి వెళ్లింది. చాలాసేపటికి మూడు కాఫీలతో వచ్చింది. డాక్టర్లిద్దరికీ ఇచ్చి, మూడోది మొగుడి చేతిలో పెట్టింది. "ఆకు కడుక్కోని తినేదానికి ఏంది నొప్పి నీకు?"

ఇన్నాళ్లకి దొరికిన తిట్టు. సుబ్బరాయలు మొహం విప్పారింది.

"ఆ పిల్లల్ని ఇప్పుడే తరిమేస్తాను," అందామె.

"వద్దండీ. పశువుల డాక్టరుకి చెప్తాను, వాటికీ మాత్రలిస్తాడు," అన్నారు రామభద్రరావు.

కారెక్కాక ఆమని అడిగింది. "అది కుక్కపురుగని రిపోర్టులోనే ఉంది కద సార్. మరి మీరు వీధంతా వినపడేలా అరిచింది..."

ఆయన ఏదో అన్నారు. వినపడలేదు. అన్నమ్మాళ్‌లా ఆమె కూడా ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"కాఫీలో చక్కెర ఎక్కువైంది," అంటున్నారాయన.