బాపు బరువు పెరిగిన ఏడాది

ఎనభైలలో మంథని దగ్గర మా మేనమామకు రైసు మిల్లు ఉండేది. అక్కడ బియ్యం బస్తాలు తూచే కాంటా మీద మా బాపును, అంటే మా నాన్నను కూడా తూచేవాళ్లం. లివర్ చెడి, బొగ్గుబాయి డ్యూటీ మానేసి ఇంట్లో కూర్చున్నాడాయన. చెడక ఏం చేస్తుంది, అన్నేళ్ల సారా మరి. కాంటా ముల్లు కొంచెం కొంచెం పైకి పోతుంటే "బావ ఒళ్లు జేస్తుండు" అని మామ సంబరపడేవాడు. ఆ ఒళ్లంతా పొట్టే. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి. చూసేవాడెవడు? అందరి కళ్లూ కాంటా మీదే.

ఘనత నన్ను కన్న అవ్వది. కామెర్లకు పసరు పోసే పెద్దమనిషి చెప్పిన పథ్యాన్ని గట్టిగా పట్టుకుంది. పప్పు బంద్, గుడ్డు బంద్, మాంసం మాటే ఎత్తొద్దు. పొద్దూమాపూ చప్పిడి మెతుకులే. దావతుకు వెళ్లొస్తే మటన్ తిన్నాడేమోనని బాపు నోరు వాసన చూసేది. సారాను జబ్బు భయం మాన్పించింది గానీ, పప్పును మాన్పించింది మాత్రం అవ్వే.

మళ్లీ డ్యూటీ ఎక్కాలంటే డాక్టరు ఫిట్ అని రాయాలి. రాయకుంటే కొలువు పోతుంది, కంపెనీ ఇచ్చిన క్వార్టరూ పోతుంది. బాపుకు ఇస్త్రీ అంగీ తొడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాం. బరువు పెరిగాడని అవ్వ గొప్పగా చెప్పింది. డాక్టరు చెవిన పెట్టలేదు. పొట్ట తట్టి "ఇదంతా నీళ్లే" అన్నాడు. భుజాలు, తొడలు ఒత్తి చూశాడు. తన రెండు వేళ్లు బాపు చేతిలో పెట్టి గట్టిగా పిసకమన్నాడు.

"మీకు నొస్తది సారూ," అని నవ్వాడు, తట్టలకొద్దీ బొగ్గెత్తిన మా బాపు.

కాసేపాగి డాక్టరు "ఊఁ, ఇక పిసుకు" అన్నాడు.

"పిసుకుతున్న సారూ."

స్టూలు మీంచి చేతులు ఆనించకుండా లేవమన్నాడు. బాపు ముందుకు వంగాడు, ఊగాడు, మళ్లీ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఫిట్ రాయలేదు. ఈ జబ్బులో కండ కరిగిపోతుందని, పొట్టలో నీళ్లు ఆ సంగతి బయటపడనీయవని, తిండి తగ్గిస్తే ఇంకా తొందరగా కరుగుతుందని చెప్పాడు. ఉప్పు ఇలాగే తక్కువ ఉంచి, పప్పూ గుడ్లూ పెట్టమన్నాడు, పడుకునే ముందు కూడా ఏదైనా తినమన్నాడు. అవ్వ ముఖం మాడిపోయింది.

బాపు ఊరుకుంటాడా? "సగం కండ నేను తాగి పోగొట్టుకున్న సారూ. మిగిలిన దాంట్ల సగం ఇది పథ్యం వెట్టి తీసింది," అన్నాడు.

అవ్వ లేచి ఆయన రెక్క పట్టుకుంది.

"మిగిలిందన్న నాకు గావాలె. లే, ఇంటికి పోదాం," అంది.