మెటికల చెట్టు

అలసూరు చెరువు దగ్గర అంజినమ్మ బట్టలుతికి బతికేది. మొగుడు బైరప్ప 1942లో పటాలం బట్టలుతికే పనికి బర్మా వైపు వెళ్లాడు. నాలుగు నెలలు కార్డులు వచ్చాయి. తరువాత రాలేదు. బతికున్నాడనీ, పోయాడనీ ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లకు ఆ వైపు నుంచి తిరిగొచ్చిన సిపాయిల బట్టలు అంజినమ్మకు మూటలుగా వచ్చాయి. మూట విప్పితే పరాయి మట్టి వాసన. ఆ మట్టిని పెరట్లో గోడవార దులిపి, ఆ తరువాతే బట్టలు నానబెట్టేది. వానలు పడ్డాక ఆ గోడవారనే ఊదారంగు పూల మొక్కలు లేచాయి. అలాంటివి ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. పూలు రాలి, సన్నటి కాయలు ఎండి నిలబడ్డాయి.

ఒక మధ్యాహ్నం తుంపర మొదలైంది. ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెత్తిన అంజినమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. గోడ దగ్గర ఎవరో మెటికలు విరుస్తున్నారు. ఒకటి. రెండు. కాసేపాగి మూడోది. పని ముగించి వచ్చాక బైరప్ప అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కో వేలూ అలాగే విరుచుకునేవాడు.

"ఎవురప్పా అది?"

గోడ దగ్గర ఎవరూ లేరు.

"నువ్వేనా?" అంది. వాన కాస్త పెరిగింది. ఈసారి పది చోట్ల ఒక్కసారిగా విరిగాయి.

ఆ రోజు తలుపు గడియ పెట్టుకుని మళ్లీ బయటికి రాలేదు. మర్నాడు ఎండ కాస్తే మాత్రం దిగులేసింది. పోను పోను తుంపర పడగానే గడపలో కూర్చుని, వీధి సంగతులన్నీ గోడకు చెప్పేది.

మరుసటి ఏడు వానలకు ఆ మొక్కలు ఆమె బట్టలుతికే వాడుక ఇండ్ల దగ్గర కూడా లేచాయి. సరోజమ్మ మెట్ల పక్కన, అంగడి శ్రీనివాసప్ప ఇంటి వెనక. ఆ నెలలోనే శ్రీనివాసప్పకు తంతి వచ్చింది. పటాలంలో చేరిన కొడుకు చనిపోయాడు.

సరోజమ్మ అంజినమ్మను వాకిట్లోనే ఆపేసింది. "నువ్వు గుడ్డలు తెచ్చిన ఇండ్లల్లోనే ఆ చెట్టు లేస్తా ఉండాది అంజినక్కా. ఇంక మా ఇంటికి రావద్దు."

"నేను నాటలేదమ్మా."

"నాటకుంటే నడిచొచ్చిందా?"

అంజినమ్మ ఇంటికొచ్చి, ఉతికే బట్ట తొట్టిలోనే వదిలేసి, తడి చేత్తోనే మొక్కను పట్టి లాగింది. కాయలు టప్పున పగిలి గింజలు ముంజేతికి తగిలాయి. చూస్తుండగానే ఒక్కో గింజ చుట్టూ సబ్జా గింజకు పట్టినట్టు జిగురు ఉబ్బింది. విదిలిస్తే రాలవు. దండెం మీది తడి పంచె అంచు చూసింది. అంచు పొడుగునా అవే.

వేలు నీళ్లలో ముంచి, ఎండిన కాయ మీద ఒక చుక్క వదిలింది. కొంచెంసేపటికి కాయ పగిలి, అదే మెటిక చప్పుడు వినిపించింది. ఇంకో చుక్క. ఇంకొకటి. చెయ్యి వెనక్కు తీసుకుంది. మరి ఇన్నాళ్లూ తాను మాట్లాడింది ఎవరితో?

తన పెరట్లో ఒక్కటీ మిగల్చలేదు. మర్నాడు సరోజమ్మ మెట్ల దగ్గరా పీకేసి, శ్రీనివాసప్ప ఇంటి వెనక్కు వెళ్లింది. అతని భార్య గౌరమ్మ అడ్డం వచ్చింది.

"దాన్ని ముట్టుకోవద్దక్కా. వాన పడితే మా పిల్లోడు చిటికేసి పిలిచినట్టే ఉంటాది."

"కాయలమ్మా అవి. నీళ్లు తగిలితే పగుల్తాయి. చూడు," అని అంజినమ్మ చెంబు అందుకుంది.

"నాకు తెలుసు," అంది గౌరమ్మ. "పొద్దున నేనే నీళ్లు చల్లితి. ఐనా ఉండనీ."

అంజినమ్మ చెంబు కింద పెట్టేసింది.

అప్పటినుంచి బట్టలు చెరువు కట్ట మీద ఆరేసి, మడత మడతా దులిపి ఇచ్చేది. దీపావళి నాటికి సరోజమ్మ మళ్లీ మూట కట్టిచ్చింది. యుద్ధం ముగిసినా బైరప్ప సంగతి తెలియలేదు.

మబ్బు పట్టిన మధ్యాహ్నం అంజినమ్మ ఏదో పని పెట్టుకుని గౌరమ్మ పెరట్లోకి వెళ్లేది. ఇద్దరూ వెనక మెట్టు మీద కూర్చునేవాళ్లు. తుంపర పడేది. కాయలు ఒక్కొక్కటే విరిగేవి. అంజినమ్మ ఎవరినీ పిలిచేది కాదు. పక్కన గౌరమ్మ పెదవులు మాత్రం కదులుతూ ఉండేవి.