చిలుకమ్మ గొంతు, ఉప్పలయ్య సీడీ

వరంగల్ కరీమాబాద్‌లో మా వీధి చివరి ఇల్లు ఉప్పలయ్యది. ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన చెవి గురించి నేను చెప్పేదంతా నిజం. ఒకరోజు డిపో గేటు దగ్గర చాయ్ తాగుతూ, ఇంకా ఆత్మకూరు కూడా దాటని ములుగు బస్సుకు గేర్‌బాక్సు పోతోందని చెప్పాడు. బస్సు వచ్చాక విప్పి చూస్తే అక్షరాలా అంతే. ఇంకోసారి ఒక పెళ్లిలో సన్నాయి వాయించే ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నా, నీ ఎడమ ఊపిరితిత్తికి గాలి సరింగ అందుతలేదు, జర దవాఖానకు పో" అన్నాడు. ఆయన వెళ్లాడు, మూడు వారాలు మంచం మీద ఉన్నాడు, బతికి బయటపడ్డాడు. నమ్మని వాళ్లు ఆ సన్నాయి ఆయన్నే అడగొచ్చు, ఎక్కడున్నాడో నాకు తెలియదు గానీ.

అంతటి చెవి ఉన్న మనిషిని ఒక సీడీ డ్రైవు నాలుగు రోజులు ముప్పుతిప్పలు పెట్టింది.

ఉప్పలయ్యకు ఒక అక్క, చిలుకమ్మ. నర్సంపేట దాటాక వచ్చే పల్లెలో ఉంటుంది. ఆ ఊళ్లో నలభై ఏళ్లుగా బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక్కో వరుస చెబుతుంటే మిగిలిన ఆడవాళ్లు అందుకుని చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతారు. మామూలుగా ఆమెకు మైకు అక్కర్లేదు. ఒక ఏడాది పొరపాటున మైకు పెడితే, పక్క ఊరి ఆడవాళ్లు తమ పాట ఆపేసి ఈ పాటకే తిరిగి, పూలు మాత్రం వాళ్ల చెరువులోనే వేసుకున్నారు.

ఈ వానాకాలం చిలుకమ్మ గొంతులో చిన్న కాయ లేచింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మూడు నెలల దాకా మాట కూడా మాట్లాడొద్దన్నాడు. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, వారంలోకి వచ్చింది. మహిళా సంఘం లీడరు భారతి, పాపం మంచి ఉద్దేశంతోనే, "ఈసారికి నర్సంపేట నుంచి డీజే తెప్పిద్దాం" అంది. ఆ మాట విన్న చిలుకమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. తాను లేచి నిలబడి ఉండగా తన ఊళ్లో బతుకమ్మ డీజేకు తిరగడమా!

అప్పుడు ఉప్పలయ్యకు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కింద ఆయన కూతురు స్నేహలత, మేనత్త వీళ్లింటికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి పాటలన్నీ రికార్డు చేసి కంప్యూటర్లో దాచింది. యాభై రెండు నిమిషాలు. ఫోను చేసి భారతితో మాట్లాడాడు. సద్దుల నాడు, శుక్రవారం పొద్దుగూకేలోపు చిలుకమ్మ పాట సీడీలో వస్తే సీడీ, రాకపోతే డీజే. ఒప్పందం కుదిరింది.

సీడీయే ఎందుకంటే, ఆ ఊళ్లో మైకు సెట్టు ఉన్నది కట్టయ్య ఒక్కడికే. అది పాత సెట్టు. పెన్‌డ్రైవ్ పెట్టే సందు ఉంది గానీ అందులో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. కందిరీగ గూడు కట్టిన ఇంట్లో బిడ్డ పుడుతుందంటారు, కట్టయ్య కోడలికి ఏడో నెల. "కోడలు కనేదాక ఆ గూడు ఎవడు ముట్టుకుంటడో సూస్త!" అని కట్టయ్య సెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. ఫోను వైరు పెడితే ఆ సెట్టు గేదెలా అరుస్తుంది. మిగిలింది సీడీ.

సోమవారం ఉప్పలయ్య హనుమకొండ చౌరస్తాలో తిరిగి తిరిగి శ్యాంసుందర్ షాపులో పది ఖాళీ సీడీల కట్ట సంపాదించాడు. శ్యాంసుందర్ దాన్ని పై అరలో నుంచి దించి దుమ్ము దులిపి, "పెద్దాయనా, ఇవి అడిగినోన్ని సూసి ఎన్నేండ్లాయె! ఒక ఫోటో తీసుకోనా?" అన్నాడట.

ఇంట్లో కంప్యూటరు స్నేహలత ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. దాని మీద ఎప్పుడూ క్రోషియా గుడ్డ కప్పి ఉంటుంది. ఉప్పలయ్య గుడ్డ తీసి మడతపెట్టాడు. మొదటి సీడీ తీసుకుని వంటింట్లో దేవుని గూటి దగ్గరికి వెళ్లి దండం పెట్టుకుని వచ్చాడు. డ్రైవులో పెట్టాడు. ఎనభై శాతం దాకా సాఫీగా నడిచి, తెలియని లోపం వచ్చిందని చూపించి, సీడీని బయటికి నెట్టేసింది.

"తెలియని లోపమట!" అన్నాడు ఉప్పలయ్య. "తెలిస్తే నేనే చేసుకుంట గద, నువ్వెందుకు చెప్పుడు?"

మెకానిక్ బుర్ర పని మొదలుపెట్టింది. సీడీ రాసే స్పీడు నలభై ఎనిమిది మీద ఉంది. ఘాటు రోడ్డు మీద టాప్ గేరు వేస్తారా? నాలుగుకు దించాడు. రెండో సీడీ అరవై దగ్గర ఆగింది. వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేశాడు. మూడోది నలభై. పొద్దుపోయాక అక్కకు ఫోను చేశాడు. చిలుకమ్మ మాట్లాడకూడదు కాబట్టి ఫోను మీద గోటితో కొడుతుంది. ఒక్కసారి కొడితే సరే, రెండుసార్లయితే కాదు, అంతకు మించితే తిట్టు.

"అక్కా, ఫికర్ జెయ్యకు, రేపటికల్ల అయితది."

టక్.

మంగళవారం వ్యవహారం ముదిరింది. సీడీ తిరిగేటప్పుడు నేల అదురుతోందేమోనని అనుమానం వచ్చింది. సీపీయూను కింద పెట్టి, దాని కింద మడిచిన గోనెసంచి వేశాడు. వేడెక్కుతోందేమోనని మూత విప్పి టేబుల్ ఫ్యాను తిప్పాడు. ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు, తలుపు వేయకూడదు, మిక్సీ పెట్టకూడదని ఆర్డరు. కాన్వెంటులో ప్రార్థన వేళ కూడా అంత నిశ్శబ్దం నేను వినలేదు. వీధిలో కుక్క మొరిగితే దానికి జొన్నరొట్టె వేసి బతిమాలాడు.

ఆయన భార్య సుగుణ సత్తుపిండి చేయడానికి నువ్వులు వేయించి పెట్టుకుంది. మిక్సీ వద్దంటే ఏం చేస్తుంది? రోకలి తీసింది.

"ఏందే, దంచుతానవా? భూమి అదురుతాంది!"

"భూమి కాదయ్యా, నా నెత్తి అదురుతాంది. సద్దులకు సత్తుపిండి లేకుంట మీ అక్క దగ్గరికి పోతవా? సీడీ తింటదా ఆమె?"

అయినా సుగుణ రోకలి పక్కన పెట్టింది. ఆడబిడ్డ అన్నం మానేసిందన్న సంగతి ఆమెకూ కష్టంగానే ఉంది. ఆ రోజు మూడు సీడీలు పోయాయి. ఒకటి ముప్పై దగ్గర, ఒకటి పన్నెండు దగ్గర, మూడోది అసలు మొదలే కాలేదు.

బుధవారం ఉప్పలయ్య తన బ్రహ్మాస్త్రం తీశాడు. డిపోలో ఇంజను లోపలి జబ్బు కనిపెట్టడానికి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. అదే స్క్రూడ్రైవరు సీడీ డ్రైవుకు ఆనించి, కళ్లు మూసుకుని, నేల మీద బోర్లా పడుకున్నాడు. అప్పుడే నేను వెళ్లాను.

"ఏమంటాందోయ్?" అని అడిగాను.

"బేరింగ్ మంచిగనే ఉందే. మోటరు మంచిగనే ఉంది. ఎక్కడో కండ్లు కనబడనోని లెక్క తడుముకుంటాంది."

నేను నవ్వాను గానీ, ఆయన అన్నదాంట్లో ఎంత నిజముందో తర్వాత తెలిసింది. ఆ రోజు ఇంకో మూడు సీడీలు పెట్టాడు. "సీడీ పెట్టండి" అని కంప్యూటరు అడుగుతూనే ఉంది, లోపల సీడీ తిరుగుతూనే ఉంది. పదింట్లో మిగిలింది ఒక్కటి. అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, రేపు..."

టక్ టక్ టక్ టక్ టక్ టక్. వడగండ్ల వాన పడ్డట్టు వినిపించింది.

గురువారం సుగుణే వెళ్లి పద్మలతను పిలుచుకొచ్చింది. పద్మలత వెనక వీధిలో జిరాక్సు సెంటరు నడుపుతుంది. కంప్యూటర్లు విప్పడం, బిగించడం ఆమెకు అరచేతిలో పని. వచ్చి డ్రైవు తీగలు చూసింది, స్పీడు చూసింది.

"అన్నీ సరిగనే పెట్టినవ్ కాకా. ఒక్కసారి నా ముందట సీడీ పెట్టు, సూస్త."

ఉప్పలయ్య చివరి సీడీ తీసి, రెండు చేతులతో పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. పద్మలత, సుగుణ కూడా చాయ్ తాగడానికి అక్కడికే వెళ్లారు. ఉప్పలయ్య గూటి ముందు కళ్లు మూసుకున్నాడు. కుంకుమ భరిణె మూత తీశాడు. వేలు నీళ్లలో ముంచి కుంకుమలో అద్దాడు. ఆ వేలు సీడీకి జానెడు దూరంలో ఉండగా పద్మలత పెట్టిన కేకకు చాయ్ గ్లాసు కింద పడింది.

"కాకా! ఆగు! ఏం చేస్తానవ్?"

"బొట్టు పెడుతాన."

"అన్నిటికీ పెట్టినవా?"

"కొత్త బస్సుకు బొట్టు పెట్టకుంట డిపో గేటు దాటించిన్నా ఏనాడన్న? కొత్త సామానుకు బొట్టు పెట్టకుంట ఎట్ల మొదలువెడుతం బిడ్డా?"

"పెడితే పెట్టినవ్, ఆ మెరిసే దిక్కెందుకు పెట్టినవ్?"

ఉప్పలయ్య ఆమెను జాలిగా చూశాడు. "మొకానికి పెట్టక వీపుకు పెడుతరా ఎవలన్న?"

సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది. పద్మలత గోడకు ఆనుకుని నెత్తి పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ మెరిసే వైపే పాట ఎక్కేది. కింద నుంచి సన్నటి వెలుగు పడుతూ అక్కడ రాసుకుంటూ పోతుంది. బొట్టు దగ్గరికి రాగానే దారి మూసుకుపోయి ఆగిపోయింది. అది చాలదన్నట్టు, గిర్రున తిరిగిన సీడీ ఆరిన కుంకుమను దులిపి లోపలున్న అద్దం మీద పోసింది. అందుకే ఒక్కో సీడీకి చూపు తగ్గుతూ వచ్చి, ఆఖరికి డ్రైవు గుడ్డిదైపోయింది.

"మిగిలిన తొమ్మిది ఏవి?" అడిగింది పద్మలత.

అవి మిద్దె మీద ఉన్నాయి. కోతులు బెదురుతాయని సుగుణ దండేనికి కట్టింది. మా కోతులు వాటికి బెదరలేదు సరికదా, ఒక్కొక్కటీ వాటిలో మొహం చూసుకుని, సరిగ్గా బొట్టు తన నుదుటికి వచ్చేలా నిలబడి, తల సర్దుకుని వెళ్లేది. ఒక ముసలి కోతి దండం కూడా పెట్టింది.

పద్మలత సన్నని పిన్నుతో డ్రైవు తలుపు తెరిచి, దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి, శనగగింజంత అద్దాన్ని మెల్లగా తుడిచింది. దూది ఎర్రగా వచ్చింది. మూడు పుల్లలు మార్చాక తెల్లగా వచ్చింది. చివరి సీడీ పెట్టింది. ఉప్పలయ్య వేలికి కుంకుమ అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక ఒంటి వేలు పైకెత్తుకుని తిరుగుతున్నాడు.

"బొట్టు లేకుంట నడవది బిడ్డా," అన్నాడు దిగులుగా.

"నాకు పెట్టు కాకా. నేనే కద నడిపిస్తాన."

పెట్టాడు. ఇరవై, నలభై, అరవై. ఎనభై దాటింది. నూరు. సీడీ బయటికి వచ్చింది. తిరిగి పెట్టి మీట నొక్కితే, ఎనిమిదేళ్ల కిందటి చిలుకమ్మ గొంతు గదిలో ఖంగుమంది. ఉప్పలయ్య ఏడవలేదు గానీ, మడతపెట్టిన క్రోషియా గుడ్డ తీసి ముక్కు తుడుచుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నర్సంపేట బస్సులో ఆ సీడీని గుండెకు అదుముకుని ఆయన, సత్తుపిండి డబ్బా ఒళ్లో పెట్టుకుని సుగుణ, ఆ డబ్బా మీద కన్నేసి నేను వెళ్లాం. మేము చేరేసరికి బడి ముందు ఖాళీ స్థలంలో తంగేడు, గునుగు పూల బతుకమ్మలు వరుసగా పెట్టి ఉన్నాయి. భారతి చేతిలో ఫోను పట్టుకుని, డీజే వాణ్ని పిలవనా వద్దా అన్నట్టు రోడ్డు వైపు చూస్తోంది. చిలుకమ్మ కొత్త చీర కట్టుకుని, పెదవులు బిగించి, పరీక్ష ఫలితం కోసం ఆగిన పిల్లలా నిలబడింది.

కట్టయ్య సీడీ పెట్టాడు. సెట్టు గురగురమంది. తర్వాత పాట లేచింది.

నలభై మంది ఆడవాళ్లు ఒక్కసారి అడుగేశారు. చిలుకమ్మ వాళ్లలో కలిసి చప్పట్లు కొడుతూ, తన గొంతుకు తనే శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ తిరిగింది. ఉప్పలయ్య స్పీకరు పక్కన చేతులు కట్టుకుని, పాడుతున్నది తానే అన్నట్టు నిలబడ్డాడు.

పదకొండో నిమిషంలో సీడీలోని చిలుకమ్మ పాట మధ్యలో ఆగి, "ఓ సుగుణా! పాలు పొంగుతానయ్, పొయ్యి బందువెట్టు!" అని అరిచింది. తర్వాత అడుగుల చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

అందరూ ఘొల్లున నవ్వారు. కానీ కాళ్లు ఆగలేదు. బతుకమ్మ చుట్టు మధ్యలో ఆపరు కదా. పాట లేకుండా ఉత్త చప్పట్లతో ఒక చుట్టు తిరిగారు. అప్పుడు చిలుకమ్మ ముందు నడుస్తున్న భారతి, ఆగిన చోట నుంచి వరుస అందుకుంది. గొంతు మొదట వణికింది. నలుగురు బదులు పలికాక నిలబడింది. రెండో వరుస, మూడో వరుస. అన్నీ వచ్చు ఆమెకు. ఇరవై ఏళ్లుగా చిలుకమ్మ వెనకాల తిరిగిన మనిషి, ఎందుకు రావు?

ఇంతలో సీడీలో పాల గొడవ తీరింది. చిలుకమ్మ గొంతు మళ్లీ లేచి, భారతి పాటకు అడ్డం పడింది. ఒకరు ఒక వరుసలో, ఒకరు ఇంకో వరుసలో. ఆడవాళ్లు దేనికి బదులివ్వాలో తెలియక తడబడ్డారు.

చిలుకమ్మ స్పీకరు వైపు చూసింది. భారతి వైపు చూసింది. చెయ్యెత్తి కట్టయ్యకు సైగ చేసింది.

"పెంచుమంటాందా?" అన్నాడు కట్టయ్య.

"పెంచు, పెంచు!" అన్నాడు ఉప్పలయ్య.

చిలుకమ్మ గుంపులో నుంచి బయటికొచ్చి, తమ్ముణ్ని పక్కకు జరిపి, తన చేత్తో సెట్టు ఆపేసింది.

"అక్కా! నాలుగు రోజులు! పది సీడీలు! పదకొండు నిమిషాలకేనా?"

ఆమె నోటి మీద వేలు వేసుకుని అతన్ని ఊరుకోమంది. వెళ్లి భారతి వెనక చేరింది. భారతి ఒకచోట వరుస తప్పితే వీపు మీద గట్టిగా గిల్లింది. భారతి "అబ్బా" అని, దిద్దుకుని, ఇంకాస్త పెద్దగా పాడింది.

ఉప్పలయ్య సీడీ తీయించుకుని బడి గోడ మీద కూర్చున్న మగవాళ్ల దగ్గరికి వచ్చాడు. "మిగిలిన నలభై ఒక్క నిమిషాలు ఇంకా మంచిగుంటయ్," అని ఒక్కొక్కరికీ చెప్పాడు. అందరూ తలలూపారు. చెవులు మాత్రం అటే ఉన్నాయి, భారతి పాడుతున్న వైపు. కాసేపటికి ఉప్పలయ్య కూడా చెప్పడం మానేసి, వాళ్ల పక్కన ఇంత చోటు చేసుకుని కూర్చున్నాడు.