పుట్టింటి చీర, ఆరని ఎర్ర లైటు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

కొత్తగా కారు నేర్చుకున్న నా స్నేహితురాలు నిన్న ఫోన్ చేసింది. హ్యాండ్‌బ్రేక్ దించినా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మళ్లీ మళ్లీ వెలుగుతోందట, ఒకటే గోల. ఏమేం చూసుకోవాలో ఆమెకు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో అదే లైటుతో పొద్దంతా వేగిన ఒక ప్రయాణం గుర్తొచ్చింది. జనగామ వైపు నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి వెళ్లాలనుకునేవాళ్లకు దారి వివరాలు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి మొత్తం రాస్తున్నాను. అప్పట్లో ఈ మూడూ ఒకే జిల్లాలో ఉండేవి.

మా అత్తగారి ఊరు లింగాల ఘనపూర్ దగ్గర. ఆ రోజు తెల్లవారుతుండగా కబురొచ్చింది. మా మామయ్యకు అక్క, భూపాలపల్లి పక్క ఊళ్లో ఉండే రాజవ్వ, నిద్రలోనే పోయింది. తల్లి చిన్నప్పుడే పోతే మామయ్యను చంకనేసుకుని పెంచింది ఆమే. మా వైపు పెళ్లయిన ఆడమనిషి చనిపోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి, ఆ తర్వాతే పాడె లేస్తుంది. రాజవ్వకు పుట్టిల్లంటే ఇక మామయ్య ఒక్కడే. పొద్దుగూకేలోపు చీర రాకపోతే అత్తింటివాళ్లే ఏదో ఒకటి కప్పి సాగనంపేస్తారు. పుట్టింటి దిక్కులేని దానిలా పోతుందన్నమాట. ఆ మాట తలుచుకుని మామయ్య అప్పటికప్పుడే చెప్పులేసుకుని గడప దాటాడు.

అసలే బంద్. బస్సుల్లేవు. మా ఆయన హైదరాబాదులో చిక్కుకుపోయాడు. ఇక మిగిలింది నేనూ, మేము కొన్న పాత కారూ. నాకు నడపడం వచ్చి ఏడాది కూడా కాలేదు, అదీ జనగామ బజారు దాకానే. బట్టల దుకాణాలు మూసి ఉన్నా, దసరాకు అక్కకు పెడదామని మామయ్య కొనిపెట్టిన పసుపు రంగు చీర ఇంట్లో ఉంది. దాన్నే సంచిలో పెట్టుకున్నాం. వెనక కూర్చుంటే కళ్లు తిరుగుతాయని ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాను. సంచి ఒళ్లో పెట్టుకోమంటే వద్దని, రెండు సీట్ల మధ్యన, హ్యాండ్‌బ్రేక్‌కు ఆనించి పెట్టి పైన తువ్వాల కప్పాడు.

వరంగల్ మీదుగా వెళితే నూట ముప్పై కిలోమీటర్లలోపే. కానీ ఆ రోడ్డంతా రాస్తారోకోలని తెలిసి, పాలకుర్తి, పెద్దవంగర, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ చేరి, అక్కడి నుంచి నర్సంపేట, ములుగు వైపు తిరగాలనుకున్నాను. చుట్టుదారి, దాదాపు రెండు వందలు పడుతుంది. ట్యాంకు నిండా పెట్రోలు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే బంకులు కూడా మూసే ఉన్నాయి. ఏడింటికి బయల్దేరాం. ఈ దారిన వెళ్లేవాళ్లు ఇప్పటికీ టిఫిను తొర్రూరులోనే ముగించుకోవడం మంచిది.

పాలకుర్తి దాటగానే ఎర్ర లైటు వెలిగింది. హ్యాండ్‌బ్రేక్ సరిగా దించలేదేమోనని ఆపి, ఒకసారి పైకి లాగి బటన్ నొక్కి కిందికి దించాను. ఆరిపోయింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, పెద్దవంగర దగ్గర మళ్లీ వెలిగింది. మళ్లీ ఆపడం, మళ్లీ దించడం. తొర్రూరు వచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. దిక్కుమాలిన కారు, దీన్ని అంటగట్టినవాడి మొహం మండ అని బయటికే తిట్టాను. మామయ్య కిటికీలోంచి చూపు తిప్పకుండా, "ఏమైతున్నది బిడ్డా?" అన్నాడు.

"ఏం లేదు మామా. గీ లైటు ఊకె ఎలుగుతున్నది."

"పోతం గదా?"

"ఎట్లనన్న పోతం."

మహబూబాబాద్ పొలిమేరలో కారు నిలిచిపోయింది. ఈసారి లైటు వల్ల కాదు, రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి, రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తినేవారు. బండ్లు ఎక్కడివక్కడే. పొయ్యిల దగ్గర చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ అన్నం వారుస్తున్నారు. ఎవరన్నా మెకానిక్ ఉన్నాడా అని అడిగితే, ఉల్లిగడ్డలు కోస్తున్న ఒకాయన్ను చూపించారు. పేరు సాంబన్న.

"షట్టర్ లేపనక్కా. అందరి ముంగట మాటిచ్చిన," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. నా మొహం చూసి, "అరె, పరేషాన్ గాకు. దుకాణం తెరవనన్న గని పని చెయ్యనన్ననా? గీ రోడ్డు మీదనే చూస్త," అని కత్తి పక్కన పెట్టి లేచాడు.

మామయ్య దిగి నీడన కూర్చున్నాడు. సాంబన్న బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాడు, నిండుగా ఉంది. హ్యాండ్‌బ్రేక్ లివర్ కింద ఉండే చిన్న స్విచ్చును వేలితో నొక్కి వదిలాడు. నొక్కితే ఆరుతోంది, వదిలితే వెలుగుతోంది, ఉండాల్సినట్టే ఉంది. అటూ ఇటూ రెండు చక్కర్లు కొట్టి వచ్చాడు. లైటు వెలిగితే ఒట్టు! జ్వరమొచ్చిన పిల్లాడు దవాఖాన గుమ్మంలో గంతులేసినట్టుంది దాని వ్యవహారం.

"నాక్కూడ సమజైతలేదక్కా. వైరు పీకేద్దునా? లైటే రాదు."

"వద్దన్నా. బ్రేక్ ఆయిల్ తగ్గినా గదే లైటు గదా ఎలిగేది. వైరు పీకితే, నిజంగ ఆయిల్ పోయిననాడు నాకెవరు చెప్తరు?"

"గదీ నిజమే," అని నవ్వాడు.

ఎక్కడికి పోతున్నారని గంజి వారుస్తున్న ఒకామె అడిగింది. చెప్పాను. ఆమె లేచి వచ్చి, సీట్ల మధ్య ఉన్న సంచిని తువ్వాల మీదుగానే ఒకసారి తాకింది. వెనక్కి తిరిగి తన వాళ్లతో ఏదో గట్టిగా అంది. అంతే, నలుగురు ఆడవాళ్లు కుతకుతలాడుతున్న అన్నం డేగిసాను గుడ్డలతో పట్టుకుని పక్కకు దించారు, మండుతున్న కట్టెలు లాగేశారు, పొయ్యి రాళ్లు జరిపారు. "పుట్టింటి చీర పోతున్నది, జరుగుండ్రి జరుగుండ్రి!" అని సాంబన్న ముందు నడిచాడు. లారీలకు కదలని జనం మా కారుకు దారిచ్చారు. తినమని బతిమాలినా మామయ్య ముట్టలేదు, మజ్జిగ మాత్రం తాగాడు. నాకు ఏడుపు ఆగలేదు.

నర్సంపేట దాటాక రెండు పక్కలా చెట్లు చిక్కబడ్డాయి. అప్పటికే పొద్దు వాలుతోంది. ఇంతలో మళ్లీ అదే ఎర్ర లైటు! ఈసారి ఏదో మాడుతున్న వాసన కూడా. ఆపి, దిగి, వెనక చక్రం మీద చెయ్యి పెడితే చుర్రుమంది. బ్రేకు పట్టేస్తోంది. ఇలాగే నడిపితే ఏమవుతుందో తెలియదు, నడపకపోతే చీర అందదు. చుట్టూ ఒక్క మనిషి లేడు. చక్రాన్ని ఒక్క తన్ను తన్నాను.

చక్రం చల్లారాక తలుపు తెరిచి, లివర్ దించి, మిగిలిన నీళ్ల సీసా అందుకుందామని కారు చుట్టూ తిరిగి మామయ్య వైపు వచ్చాను. కిటికీలోంచి డ్యాష్‌బోర్డు కనిపిస్తోంది, లైటు ఆరి ఉంది. నేను చూస్తుండగానే వెలిగింది. కారు కదల్లేదు, లోపల ఆయన తప్ప ఎవరూ లేరు. తువ్వాల కింద ఆయన చెయ్యి ఉన్న చోట గుడ్డ కొంచెం పైకి లేచింది. మామయ్య ఎదురుగా ఉన్న రోడ్డును చూస్తున్నాడు. కళ్ల వెంట నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, శబ్దం లేదు.

పొద్దుటి నుంచీ అంతేనన్నమాట. కోడలి పక్కన కూర్చుని ఏడవడానికి మొహమాటపడి, దుఃఖం పొంగినప్పుడల్లా చేతికి దొరికిన ఆ లివర్ పట్టుకుని బిగించుకుంటున్నాడు. ఒక్కో బిగింపుకు అది కాస్త పైకి లేస్తోంది. నాకు మొదట కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. ఆ కోపం తలుపు తీసేలోపే కరిగిపోయింది.

"మామా, గది పట్టుకుంటె బండి ఆగుతది," అన్నాను మెల్లగా.

ఆయన నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేనేనా బిడ్డా? పొద్దుగాల సంది నేనేనా?"

"ఏం కాదు, అందుకుంటం. గిది పట్టుకోండ్రి." సంచి తీసి ఆయన ఒళ్లో పెట్టాను. రెండు చేతులతో పొదివి పట్టుకుని, ఆ అడవి రోడ్డు మీద, నా ముందే, వెక్కి వెక్కి ఏడ్చాడు. ములుగు దాటి భూపాలపల్లి వచ్చేదాకా ఆ లైటు మళ్లీ వెలగలేదు.

మేము చేరేసరికి పాడె కట్టి ఉంది. ఎండ ఇంకా ఇంటి కప్పు మీద ఉంది. "తమ్ముడొచ్చిండు, తమ్ముడొచ్చిండు" అని ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. మామయ్య చీర విప్పి అక్క మీద కప్పాడు, పాదాల దగ్గర కుచ్చిళ్లు సర్దాడు. తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగి చిన్నపిల్లాడిలా చెప్పుకున్నాడు. "ఆలస్యమైందే అక్కా. బండి మంచిగనే ఉండె, నేనే ఆపుకుంట వచ్చిన. నేనొచ్చి చీర కప్పితె నిన్ను ఎత్తుకపోతరు గదనే..."

ఆ మాట పక్కన నిలబడి విన్నాను. ఏడుపు ఆపుకోవడానికే లివర్ పట్టుకున్నాడని అప్పటిదాకా అనుకున్నాను, అసలు సంగతి ఆయనకూ ఆ క్షణం దాకా తెలియదేమో. ఎన్ని ఊళ్లు తిరిగినా, నేను నడిపిన దూరాల్లో ఇదే పెద్దది. ఇక నా స్నేహితురాలికి, మీకూ చెప్పేదొకటే. హ్యాండ్‌బ్రేక్ లైటు ఆరకపోతే ముందు లివర్ పూర్తిగా దిగిందేమో చూడండి, తర్వాత బ్రేక్ ఆయిల్ చూడండి, వైరు మాత్రం పీకకండి. రెండూ బాగానే ఉండి కూడా మళ్లీ వెలుగుతుంటే, బండి పక్కకు ఆపి, పక్క సీట్లో ఉన్న మనిషిని మంచినీళ్లు కావాలా అని ఒకసారి అడగండి.